వైర్లలో చుట్టాలు

ఆ బండి ఇంకా మలుపు దగ్గర ఉండగానే, వస్తున్న సంగతి వీధికంతా తెలిసిపోయింది. స్టీరింగు ఎడమకి తిప్పితే చాలు, దానంతటదే హారన్ కొడుతోంది పాపం. ఆ వీధిలోకి రావాలంటే ఎడమకే తిరగాలాయె. బాఁయ్‌మంటూ ఏడుస్తూ మలుపు తిరిగి, కార్ల కరెంటు మేస్త్రీ కొట్టు ముందుకొచ్చి, చక్రాలు తిన్నగా అయ్యాక గానీ నోరు మూయలేదు.

కొట్టు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని బఠానీలు వలుస్తున్న మేస్త్రీ పెళ్లాం తలెత్తి చూసింది. ఆవిణ్ణి అందరూ స్టూలమ్మ అంటారు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే స్టూలు, అదే గుమ్మం, ఒళ్లో ఏదో ఒక పళ్లెం. స్టూలుకి రెండు కాళ్లు మార్చాం, ఒకసారి పైచెక్క మార్చాం, కూర్చునే మనిషినే ఇంకా మార్చలేదని మేస్త్రీ వేళాకోళమాడతాడు. "మార్చి చూడండి, తెలుస్తుంది" అంటుంది ఆవిడ, చేతిలో పని ఆపకుండానే.

బండి పెద్దది. ఎత్తుగా, ఏడుగురు కూర్చునేలా ఉంది. పుట్టి పదిహేనేళ్లయి ఉంటుంది, ముగ్గురి చేతులు మారింది. ఒకప్పుడు వెండిలా మెరిసి ఉంటుంది గానీ, ఇప్పుడు తోమి తోమి అరిగిన గిన్నెలా ఉంది. అందులోంచి దిగింది పశువుల డాక్టరమ్మ. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, జుట్టులో ఎక్కడిదో ఒక గడ్డిపోచ. దిగీ దిగకముందే మొదలుపెట్టింది.

"తాతగారూ, దీన్ని కొని ఇరవై రోజులైంది. ఇంజనుకి ఏ రోగమూ లేదు, గుర్రంలా పోతోంది. ఈ పైపై జబ్బులే నన్ను చంపుతున్నాయి. నా వైపు అద్దం దిగితే ఎక్కదు. లోపలి దీపం గతుకు గతుక్కీ కన్ను కొడుతుంది. వెనక తలుపుకి వైపరు తిరగదు, నంబరు ప్లేటు లైటు వెలగదు. ఇక హారన్ సంగతి మీరే విన్నారు. మొన్న ఒకాయన పక్కకి తప్పుకుని మరీ తిట్టాడు నన్ను."

"అంతేనా?" అన్నాడు మేస్త్రీ.

"అసలుది చెప్పలేదు. వెనక సీట్ల పక్కన ప్లగ్గు పెట్టుకునే సాకెట్టుంది చూడండి, అది చచ్చింది. నా టీకాల పెట్టె దానికే తగిలించాలి. రేపు తెల్లారగానే కొండ అవతలి దొడ్లకి వెళ్లాలి. రెండొందల పశువులు. రోజంతా పెట్టె చల్లగా ఉండాలి తాతగారూ. ఒక్క గంట వేడెక్కిందా, ఆ మందూ నీళ్లూ ఒకటే."

"సాయంత్రానికి బండి ఇచ్చేస్తాను. మీరు అలా కూర్చోండి" అని మేస్త్రీ పెద్ద భరోసాగా చెప్పేశాడు.

స్టూలమ్మ గుండెలో మాత్రం రాయి పడింది.

ఎందుకంటే, మేస్త్రీకి రంగులు తెలియవు. ఈ మాట ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. పెళ్లైన కొత్తలో ఒకరోజు ఎర్ర రుమాలు తెమ్మంటే ఆకుపచ్చ రుమాలు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వింది. మళ్లీ తెమ్మంటే ఈసారి మట్టిరంగుది తెచ్చాడు. మనిషి మొహం చూస్తే ఆట కాదు. అప్పుడు కూర్చోబెట్టి అడిగితే, తలుపేసి, గొంతు తగ్గించి చెప్పాడు. పుట్టుకతోనే అంత. పని నేర్పిన గురువుకి తెలిసుంటే ఆ రోజే వెళ్లగొట్టేవాడు. రంగు తెలియనివాడికి కరెంటు పని ఎవరిస్తారు? అందుకని ఒక్కొక్క తీగా లాగి లాగి, కరెంటు తగిలితే వెలిగే టెస్టు ల్యాంపు పెట్టి పెట్టి, పక్కవాళ్లు గంటలో చేసేది ఈయన రోజంతా చేసేవాడు. "నిదానస్థుడు" అని పేరు కూడా వచ్చింది. ఒకసారి ఆ నిదానం కూడా చాలక, ఒక కొత్త కారు డ్యాష్‌బోర్డు మొత్తం పొగబెట్టేశాడు.

ఆ మర్నాడు స్టూలు వేసుకుని పక్కన కూర్చుంది. కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు.

కానీ ఎంత పక్కన కూర్చున్నా, "ఏమే, ఇందులో ఎర్రది ఏది?" అని మేస్త్రీ పైకి అడిగితే బండివాడు ఊరుకుంటాడా? అందుకని ఇద్దరూ ఒక ఉపాయం కట్టుకున్నారు. రంగులకి చుట్టాల పేర్లు పెట్టారు. ఎరుపు అత్తగారు, నోరు విప్పితే నిప్పులే కాబట్టి. ఆకుపచ్చ మరిది, ఎన్నేళ్లొచ్చినా పచ్చికాయలాగే ఉండేవాడు కాబట్టి. గోధుమరంగు తోడికోడలు, పొద్దస్తమానం చేతిలో టీ గ్లాసే. పసుపు పెద్దక్క. నలుపు మేనమామ, బొగ్గుల కొట్టు నడిపేవాడు, ఇంట్లో ఎవరి తగువైనా చివరికి వెళ్లి ఆయన దగ్గరే చల్లారేది. బండిలో కరెంటంతా చివరికి నల్లతీగలోకే దిగుతుంది గనక ఆ పేరు అతికినట్టు సరిపోయింది. ఇక నీలం ఆడపడుచు. ఆవిడ నీలం బట్టలు తప్ప వేసేది కాదు. వదినకి సాధింపులు తప్ప పెట్టేదీ కాదు.

ఒక రంగు తీగ మీద ఇంకో రంగు చార ఉంటే, "అత్తగారి చంకలో మరిది" అనేవాళ్లు. అంతే, పని నడిచిపోయేది.

బండ్లు తెచ్చినవాళ్లకి మాత్రం ఈ ముసలాళ్లిద్దరికీ చుట్టాల మీద చాడీలు తప్ప వేరే మాటే లేదనిపించేది. ఒకాయనైతే, "మీ అత్తగారు లోపలంతా కుళ్లిపోయిందండీ, కత్తిరించి పారెయ్యండి" అని స్టూలమ్మ అనడం, మేస్త్రీ "అదే పనిలో ఉన్నా" అనడం విని, తాగుతున్న టీ వదిలేసి లేచి నిలబడ్డాడు. ఆయన బండి మళ్లీ ఈ కొట్టుకి రాలేదు.

అలా ముప్పై ఎనిమిదేళ్లు గడిచాయి. అయితే ఈమధ్య ఆర్నెల్లుగా స్టూలమ్మ ఒక సంగతి కడుపులో పెట్టుకు తిరుగుతోంది. ఆవిడ కళ్లకి మసక కమ్మింది. తెల్ల గోడ టీ ఒలికిన గోడలా కనిపిస్తోంది. ఎరుపూ ఆకుపచ్చా బాగానే తెలుస్తున్నాయి గానీ, నీలమూ నలుపూ కలిసిపోయాయి. ఎంత మిటకరించి చూసినా ఆడపడుచూ మేనమామా ఒక్కలాగే ఉన్నారు. తోచింది చెప్పేస్తోంది. ఇన్నాళ్లూ ఏ బండీ తిరిగి రాలేదు గనక, తన ఊహ తప్పలేదనుకుంటోంది. కానీ ప్రతి అద్దం స్విచ్చు దగ్గరా, ప్రతి లైటు దగ్గరా ప్రాణం గుప్పిట్లో పెట్టుకునే చెబుతోంది.

మరి చెప్పేయొచ్చు కదా అంటే, ఏమని చెబుతుంది? ఆయన కళ్లే తను. "నాకూ కనిపించడం లేదు" అంటే, ఆ మాటతో కొట్టుకి తాళం పడుతుంది. తాళం పడితే ఈ మనిషి ఏమవుతాడు? ఆదివారం ఒక్క పూట పని లేకపోతేనే ఇంట్లో ఉన్న గడియారం విప్పి కూర్చుంటాడు.

సరే, పని మొదలైంది. ముందు హారన్. స్టీరింగు చక్రం ఊడదీస్తే దాని కింద చుట్టచుట్టుకున్న పట్టీ ఒకటి ఉంటుంది. అది ఒక చోట ఒరుసుకుని ఒరుసుకుని లోపలి రాగి బయటపడింది. ఎడమకి తిప్పినప్పుడల్లా ఆ పుండు ఇనుముకి తగిలి బండి కేక పెడుతోంది.

"ఏమే, ఇక్కడ అత్తగారెక్కడుంది?"

"ఎక్కడుంటుంది, అన్నిటికన్నా పైన. ఆవిడ కిందనే తోడికోడలు, గ్లాసు పట్టుకుని."

"మరిది?"

"పక్కకి తిరిగి పడుకున్నాడు. వాడికి పనేముంది!"

డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పెద్దమ్మా, మీ ఇల్లంతా ఈ బండిలోనే ఉన్నట్టుందే."

"బండేంటమ్మా, ఏ మూల చూసినా వాళ్లే నాకు" అంది స్టూలమ్మ, బఠానీ ఒకటి నోట్లో వేసుకుంటూ.

"మీ అత్తగారు మీ దగ్గరే ఉంటారా?"

"పోయి ఇరవై ఏళ్లు. అయినా వదల్లేదు చూడు."

హారన్ నోరు మూయించేసరికి పది దాటింది. తరవాత అద్దం. తలుపులో ఉన్న స్విచ్చు విప్పితే లోపల రాగి మొనలన్నీ మసిబారి ఉన్నాయి. మేస్త్రీ గరుకు కాగితం ముక్కతో ఒక్కొక్కటీ పళ్లు తోమినట్టు తోమాడు. నొక్కితే అద్దం మూలుగుతూ ఎక్కింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. తరవాత సాకెట్టు. టార్చి వేసి చూస్తే దాని గుంట అడుగున మందు సీసా మూతకి ఉండే రేకు ముక్క పడుంది. అదే లోపల అటూ ఇటూ తగిలి ఫ్యూజు కొట్టేసింది.

"ఇది మీదేనమ్మా డాక్టరమ్మా!" అని మేస్త్రీ పట్టుకారుతో రేకు తీసి చూపించాడు. "ఇంకో సంగతి. ఈ సాకెట్టుకీ వెనక వైపరుకీ ఫ్యూజు ఒకటే. ఒకదానికి దెబ్బ తగిలితే రెండూ పోతాయి."

కొత్త ఫ్యూజు వేశాడు. డాక్టరమ్మ పరుగున టీకాల పెట్టె తెచ్చి ప్లగ్గు పెట్టింది. ఐసు కరుగుతోందని ఆవిడ కంగారు. పెట్టె సన్నగా గుర్రుమంది. "హమ్మయ్య" అని దాని మీద చెయ్యేసి నిమిరింది, దూడని నిమిరినట్టు.

ఇక మిగిలినవి వెనక తలుపూ, లోపలి దీపం. మేస్త్రీ దీపం తీగ వెతుక్కుంటూ ముందు సీటు కింద వెల్లకిలా దూరాడు. అక్కణ్ణించే కేకేశాడు.

"ఏమే, వెనక తలుపు దగ్గర రబ్బరు గొట్టం విప్పి ఉంచు. తీగలు అందులోనే తెగుంటాయి."

అది స్టూలమ్మకి తెలియనిదేం కాదు. ఇలాంటి పాత బండ్లకి వెనక తలుపు తెరిచి మూసినప్పుడల్లా ఆ గొట్టంలో తీగలు వంగి వంగి, పై తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగిపోతుంది. ఎన్ని బండ్లకి చేత్తో అతుకులు వేసిందో ఆవిడకే లెక్క లేదు. పళ్లెం స్టూలు మీద పెట్టి వెళ్లింది. గొట్టం జరిపితే ఐదు తీగలు తెగి వేళ్లాడుతున్నాయి. ఎవరివైపు కొస వాళ్లకి కలిపితే అయిపోయె.

అత్తగారిని అత్తగారికి కలిపింది. మరిదిని మరిదికి. తోడికోడల్ని తోడికోడలికి. అంతవరకూ చేతులు వాటంతటవే నడిచాయి. ఇక రెండు మిగిలాయి. అటు రెండు కొసలు, ఇటు రెండు కొసలు. నాలుగూ నల్లగానే ఉన్నాయి.

వెలుతురులోకి లాగి చూసింది. ఉమ్మి తడి చేసి తుడిచి చూసింది. ఒక కన్ను మూసి చూసింది, రెండో కన్ను మూసి చూసింది. ఆడపడుచు ఏదో ఒక కొసలో దాక్కుని తనని చూసి నవ్వుతున్నట్టే ఉంది. నల్లది లావుగా ఉండాలి, కానీ పాత మేస్త్రీ ఎవడో మధ్యలో ఒకే లావు తీగలు అతికి పెట్టాడు. టెస్టు ల్యాంపు పెడితే తెలిసిపోతుంది, అదేమో మేస్త్రీ జేబులో ఉంది. అడిగితే "ఎందుకే?" అంటాడు. ఆ 'ఎందుకు'కి జవాబు చెప్పాలి. పైగా డాక్టరమ్మ పక్కనే నిలబడి, "ఎంత చకచకా చేసేస్తున్నారు పెద్దమ్మా!" అంటోంది.

ఆ పొగడ్తే కొంప ముంచింది. ఇదే ఆడపడుచు అని ఒక కొస పట్టుకుంది. మెలిపెట్టింది, టేపు చుట్టింది. గొట్టం జరిపి వచ్చి స్టూలెక్కింది. బఠానీలు వలుస్తోంది గానీ గింజలు తొక్కల్లోకి, తొక్కలు గింజల్లోకి వేస్తోంది.

మేస్త్రీ సీటు కిందనుంచి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. "వెనక వైపరు వేస్తున్నా, చూస్తుండు" అన్నాడు.

టప్‌మంది.

వైపరు కదల్లేదు. దానికన్నా ముందు, ఇందాకటి నుంచీ గుర్రుమంటున్న పెట్టె మూగబోయింది. ఆ నిశ్శబ్దం స్టూలమ్మ చెవులకి హారన్ కన్నా గట్టిగా వినిపించింది.

"అయ్యో, నా మందు!" అంటూ డాక్టరమ్మ పెట్టె మీద వాలిపోయింది.

మేస్త్రీ దిగి వెనక్కొచ్చాడు. గొట్టం జరిపాడు. ఐదు అతుకులుంటే, తిన్నగా రెండు అతుకుల మీదికే వెళ్లాయి వేళ్లు. టేపు విప్పాడు, విడదీశాడు, అటుది ఇటు, ఇటుది అటు కలిపి చుట్టేశాడు. టెస్టు ల్యాంపు జేబులోనే ఉంది, తియ్యలేదు. పెళ్లాన్ని ఒక్క ముక్క అడగలేదు. వెళ్లి కొత్త ఫ్యూజు నొక్కాడు. పెట్టె మళ్లీ గుర్రుమంది. వైపరు కీచుమంటూ అద్దం మీద అటూ ఇటూ ఊగింది. నంబరు ప్లేటు లైటు కూడా వెలిగింది.

"కంగారు పడకండమ్మా. రెండు నిమిషాలు కూడా ఆగలేదు. తప్పు నాదే, పెద్దవాణ్నయ్యానుగా, తికమకపడ్డాను" అన్నాడు.

డాక్టరమ్మ పెట్టెలో వేడి కొలిచే ముల్లు చూసి, ఊపిరి పీల్చుకుని, చేతులు కడుక్కోడానికి కొట్టు వెనక కుళాయి దగ్గరికి వెళ్లింది.

స్టూలమ్మ పళ్లెం కింద పెట్టింది.

"ఏమండీ."

"ఊఁ."

"ఐదు అతుకులుంటే ఆ రెండే ఎందుకు విప్పారు?"

"ఏవో రెండు విప్పాను. తగిలాయి."

"సరే, మీరు చెప్పకపోతే నేనే చెబుతాను. నాకు కళ్లు పోతున్నాయండీ. నీలమూ నలుపూ ఒకటైపోయాయి. ఆర్నెల్లైంది. ఇన్నాళ్లూ తోచింది చెబుతున్నా." వంగి తొక్కల్లోంచి గింజ ఒకటి ఏరి పళ్లెంలో వేసింది. "ఇప్పుడు కాక రేపు, ఆ కొండ అవతల వైపరు వేసుంటే? ఆ పిల్ల చూసుకునేది కూడా కాదు. రెండొందల పశువులకి ఉత్త నీళ్లు పొడిచి వచ్చేది, నా మూలంగా."

"ఎనిమిది" అన్నాడు మేస్త్రీ.

"ఏంటి ఎనిమిది?"

"ఆర్నెల్లు కాదు, ఎనిమిది నెలలు. పాల వ్యాను అద్దం చేసిన రోజు నుంచీ. మేనమామ ఇదీ అన్నావు, చూస్తే ఆడపడుచు."

"చూస్తే? మీరు చూడ్డమేంటి?"

మేస్త్రీ నాలిక కరుచుకున్నాడు. కానీ మాట జారిపోయింది, ఇంక వెనక్కి రాదు. రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు, తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

"నాకు నీలం కనిపిస్తుందే" అన్నాడు చివరికి. "పసుపూ కనిపిస్తుంది. నలుపు సరేసరి. ఆ ఎరుపూ, పచ్చా, గోధుమా, ఆ మూడే అన్నీ ఎండుటాకులు నాకు."

స్టూలమ్మకి మాట వరదలా వచ్చింది.

"కనిపిస్తుందా! ఎప్పటినుంచీ?"

"ఎప్పుడూ కనిపిస్తూనే ఉంది."

"మరి ముప్పై ఎనిమిదేళ్లుగా ఆడపడుచు ఎక్కడుందీ, ఆడపడుచు ఎక్కడుందీ అని నా ప్రాణం తీశారే! ఎండలో, వానలో, నడుం నొప్పితో వంగి వంగి చూసి చెప్పానే! మా పెద్దక్కని కూడా వెతికించారే!" అంటూ చేతికందిన బఠానీ తొక్కలు గుప్పెడు తీసి మొహాన కొట్టింది. ఒకటి మీసానికి వేళ్లాడింది.

"మొదట్లో నువ్వే అన్నీ చెప్పడం మొదలుపెట్టావు. ఇది తెలుసు, అది తెలియదు అంటే, ఇదేదో వేషమనుకుంటావేమోనని ఊరుకున్నాను. తరవాత..." మేస్త్రీ మీసం మీది తొక్క తీసుకున్నాడు. "తరవాత, నీలం తీగ వచ్చినప్పుడల్లా నువ్వు మా చెల్లెల్ని నాలుగు మాటలు అనేదానివి. ఇదిగో మూతి ముడుచుకుని కూర్చుంది, ఇదిగో పనెగ్గొట్టి మూలకి నక్కింది అని. అది నిన్ను పెట్టిన బాధలు నేను చూశాను. అన్నని గనక నోరెత్తలేకపోయాను. నువ్వంటుంటే నా కడుపు చల్లగా ఉండేది. అందుకని అడిగేవాణ్ని."

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేసింది.

"మరి ఎనిమిది నెలలుగా నేను తప్పు చెబుతుంటే?"

"నువ్వు చెప్పేదానివి, నేను సరిచేసుకునేవాణ్ని. ఇవాళ నువ్వొక్కదానివే చేశావు గనక దొరికిపోయావు. చూసుకోవాల్సింది నేను. అందుకే తప్పు నాదన్నాను."

"ఒక్కసారి చెప్పొచ్చుగా, నీ కళ్లకి ఏమైందే అని!"

"చెబితే నువ్వు స్టూలు దిగిపోతావు" అన్నాడు, మొహం అటు తిప్పుకుని. "ఎరుపూ పచ్చా నీకింకా కనిపిస్తున్నాయి, నాకు మిగతావి కనిపిస్తున్నాయి. ఇద్దరం కలిస్తే ఒక మనిషి సరిపోతాడని లాక్కొస్తున్నా. తప్పేననుకో. అద్దం మసకేస్తే తుడిపించాలి గానీ, మసకలోనే బండి నడుపుతామా?"

ఇంతలో డాక్టరమ్మ చేతులు దులుపుకుంటూ వచ్చింది. మేస్త్రీ కళ్లతోనే వద్దంటున్నా, స్టూలమ్మ తిన్నగా ఆవిడ ముందుకెళ్లి నిలబడింది.

"అమ్మాయీ, ఇందాక తప్పు ఆయనది కాదు, నాది. నాకు నీలమూ నలుపూ తెలియడం లేదు. తెలిసి తెలిసి చేతులు పెట్టాను. నీ మందు పాడైపోయుంటే ఏ మొహం పెట్టుకునేదాన్ని?"

డాక్టరమ్మ కోప్పడలేదు. దగ్గరికొచ్చి ఆవిడ గడ్డం పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, కనురెప్ప పైకెత్తి చూసింది. ఆవుల్ని చూసే చెయ్యి కదా, కాస్త గట్టిగానే పట్టుకుంది.

"శుక్లం పెద్దమ్మా. రెండు కళ్లలోనూ. గేదెకైతే ఏం చెయ్యాలో నేనే చెప్పేదాన్ని, మనిషికి మనుషుల డాక్టరు చెప్పాలి. మా దొడ్ల దారిలోనే కంటాసుపత్రి ఉంది. ఎల్లుండి నేను ఖాళీ. నా వైపు అద్దం ఇప్పుడు ఎక్కుతోంది, దుమ్ము పడదు. వస్తారా?"

"కోత కోస్తారా?" అంది స్టూలమ్మ బిక్కమొహంతో.

"మీరు మీ అత్తగారిని మాటలతో కోసినంత కొయ్యరు లెండి."

మేస్త్రీకి పొలమారింది.

ఆ హడావిడిలో లోపలి దీపం సంగతి అందరూ మర్చిపోయారు. బండి కన్ను కొట్టుకుంటూనే వెళ్లిపోయింది, ఎడమకి తిరిగినా కిక్కురుమనకుండా.

స్టూలమ్మ కంటికి కోత అయ్యాక కొట్టు పది రోజులు మూసుంది. దానికి తాళం మేస్త్రీ చేత్తోనే వేశాడు, స్టూలమ్మ భయపడ్డ తాళం అదే. కానీ వేసినవాడు ఇంట్లో గడియారం విప్పలేదు. పూట పూటకీ ఆవిడ కంట్లో చుక్కలు వేశాడు. వేళ తప్పకుండా వేశాడు గానీ, ఆసుపత్రిలో రంగు మూతల సీసాలిస్తే ఏది ఏదో తెలియక, సీసాల మెడకి దారాలు కట్టుకున్నాడు. పొద్దుటిదానికి ఒక ముడి, సాయంత్రందానికి రెండు.

పదకొండో రోజు బాగైన ఒక కన్నుతో స్టూలమ్మ వీధిలోకొచ్చింది. వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కొట్టు మీద ఈమధ్య కప్పిన పట్టా నీలం. ఇన్నాళ్లూ నల్లదనుకుంది. ఎదురింటి తలుపు నీలం. పైన ఆకాశం సంగతి అడగొద్దు, ఇప్పుడే ఎవరో ఉతికి ఆరేసినట్టుంది. మొగుడి వైపు తిరిగింది.

"ఆ చొక్కా కూడా నీలమేనా! ఎనిమిది నెలలుగా ఈ నల్లచొక్కా పిచ్చి ఎక్కడ పట్టుకుందిరా ఈయనకి అనుకుంటున్నా."

"నల్లచొక్కా నాకు లేనే లేదు" అన్నాడు మేస్త్రీ. "పద, డాక్టరమ్మ వచ్చింది."

ఈసారి బండి వచ్చిన చప్పుడే తెలియలేదు. డాక్టరమ్మ దిగి, "మిగిలిన ఆ దీపం సంగతి చూడండి తాతగారూ, దొడ్ల వాళ్లంతా నేను కన్ను కొడుతున్నాననుకుంటున్నారు" అంది. టీకాలు బాగా అందాయట, ఒక్క దూడకీ జ్వరం రాలేదట. స్టూలమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని వింది.

మేస్త్రీ పైకప్పు గుడ్డ కొంచెం జార్చి, దీపం విప్పి, తీగల గుత్తి కిందికి లాగాడు. మూడు తీగలున్నాయి. స్టూలమ్మ మెడ చాచి చూసింది. మధ్యలోది నిగనిగలాడుతోంది. అంత నీలం ఆవిడ చాలాకాలంగా చూడలేదు.

"ఏమే" అన్నాడు మేస్త్రీ, తీగలు పట్టుకుని. "ఆడపడుచు ఎక్కడుంది?"

"మీకు కనిపిస్తోందిగా?"

"కనిపిస్తోంది. చెప్పు."

స్టూలమ్మ పళ్లెం ఒళ్లోకి లాక్కుని, స్టూలు మీద సర్దుకు కూర్చుంది.

"ఎక్కడుంటుంది! నలుగురూ పని చేస్తుంటే మధ్యలో నిగనిగలాడుతూ నిలబడింది, తననే చూడాలని. ఒక్కటంటే ఒక్క అతుకు సరిగ్గా పట్టుకుందా చూడండి, వదులుగా ఊగుతోంది. దీపం కన్ను కొట్టమంటే కొట్టదూ మరి! ఆ రోజూ అంతే, మన ఇంట్లో..."

మేస్త్రీకి ఆ అతుకు బిగించడానికి చాలాసేపు పట్టింది. డాక్టరమ్మ కూడా తొందరపెట్టలేదు, తొక్క వలిచిన బఠానీలు పళ్లెంలోంచి తీసుకు తింటూ వింది.